ఎకరం కౌలుకు తీసుకునే ముందు ఒక పంట కాలం పనికి వెళ్లండి

నమస్తే అండి. ఈ రోజు వీడియో బెండ తోటలోంచే మొదలుపెడుతున్నాను. సేద్యంలో నేను మొదట నేర్చుకున్న పని బెండకాయ కోయడం. ఈ కాయ చూడండి. కొన పట్టుకుని ఇలా వంచగానే టక్కున విరిగింది, లేత కాయ. పక్క చెట్టుకున్నది మొన్నటి కోతలో కంటపడకుండా మిగిలిపోయింది. వంచితే వంగుతోంది గానీ విరగడం లేదు. దీన్ని మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు.

బెండ రోజు విడిచి రోజు కోయాలి. ఒక కోత తప్పితే కాయ ముదురుతుంది. అంతటితో అయిపోదు, చెట్టు తన బలమంతా ఆ గింజకే పెడుతుంది, కొత్త పూత తగ్గిపోతుంది. ఇదంతా నేను చదువుకునే వెళ్లాను. కానీ తెల్లవారుజామున తడి ఆకుల కింద, మంచు నీళ్లు చేతుల మీద కారుతుంటే, ఏ కాయ ఇవాళ కోయాలో ఏది ఎల్లుండి దాకా ఆగుతుందో చూడగానే తెలియడానికి నాకు నెల రోజులు పట్టింది. మొదటి వారం పొడుగు చేతుల చొక్కా వేసుకోకుండా వెళ్లాను, బెండ నూగుకు మోచేతుల దాకా ఒకటే దురద.

ఈ మధ్య చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఉద్యోగం మానేసి ఎకరం కౌలుకు తీసుకుందామనుకుంటున్నా, ఏ కూరగాయ వేస్తే బాగుంటుంది?" అని. ఏ పంటో తర్వాత మాట్లాడుకుందాం. ముందు కౌలుకు తీసుకోకండి. ఒక చిన్న కూరగాయల రైతు దగ్గర, నారు పోసిన రోజు నుంచి ఆఖరి కోత దాకా, ఒక పంట కాలం పనికి చేరండి.

మెకానిక్ షెడ్డులో పిల్లలు పనికి చేరి నేర్చుకుంటారు. టైలరు దగ్గర ముందు కాజాలు కుట్టి, ఆ తర్వాతే కత్తెర పట్టుకుంటారు. సేద్యానికి అలాంటి పద్ధతి మన దగ్గర లేదు, ఎందుకంటే రైతు ఇంట్లో పుట్టినవాళ్లు నడక వచ్చినప్పటి నుంచే నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు బయటి నుంచి వస్తున్న మనకు ఆ ఇరవై ఏళ్ల చూపు లేదు. దాన్ని ఎక్కడో ఒకచోట సంపాదించుకోవాలి కదా.

నేను చేరింది చేవెళ్ల వైపు ఒక ఊళ్లో, రెండెకరాల రైతు దగ్గర. హైదరాబాద్‌కు దగ్గర కాబట్టి అటు టమాటా, క్యారెట్, బీట్‌రూట్, ఆకుకూరలు, బంతి, చామంతి బాగా పండిస్తారు. "నాకు కూలి వద్దు, నేర్పితే చాలు" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "పని చేసినోనికి పైసలియ్యకుంట పంపితే ఊళ్లె నన్నేమంటరు బిడ్డా" అన్నాడు. మొదటి నెల సగం కూలి, పని వచ్చాక పూర్తి కూలి అని మాట్లాడుకున్నాం. ఆయన అలా అనడం ఎంత సరైనదో తర్వాత అర్థమైంది. పక్క సాలులో కూలికి కలుపు తీసే ఆడవాళ్లు ఉంటారు. మనం నేర్చుకునే సరదాతో ఉచితంగా చేస్తే వాళ్ల కూలి రేటు దగ్గర మనమే అడ్డుపడ్డట్టు. ఉచితంగా చేస్తామని దయచేసి అనకండి.

నాకు సగానికి పైగా నేర్పింది ఆ ఆడవాళ్లే. రైతు పొద్దున వచ్చి పని చెప్పి మోటారు దగ్గరికో మందుల షాపుకో వెళ్లిపోతాడు. రోజంతా మన పక్కన ఉండేది వాళ్లు. అందులో ఒక అక్క ముప్పై ఏళ్లుగా కూరగాయల పనే చేస్తోంది. మొలకెత్తిన నాలుగో రోజున ఏది తోటకూర, ఏది కలుపు అని ఆమె చూడకుండానే చేత్తో తడిమి చెప్పేస్తుంది.

నా వల్ల జరిగిన ఒక నష్టం చెబుతాను. జూలైలో టమాటా నారు ట్రేలలో పోశాం. ట్రేకు 98 గుంతలు, పది ట్రేలు. నీళ్లు పోసే పని నాకు అప్పజెప్పారు. మబ్బు పట్టి ఉంది, అయినా ఎండిపోతాయేమోనన్న టెన్షన్‌తో రోజుకు మూడుసార్లు పోశాను. వారం తిరక్కుండానే మొలకలు మొదలు దగ్గర మెత్తబడి, దారంలా సన్నబడి, ఒక్కొక్కటే పడిపోవడం మొదలైంది. నారుకుళ్లు అంటారు. తడి ఎక్కువై, గాలి ఆడకపోతే మట్టిలో ఉన్న బూజు మొలక కాండాన్ని తినేస్తుంది. నాలుగు ట్రేలు పోయాయి, దాదాపు 400 మొక్కలు. రైతు నన్ను ఒక్క మాట అనలేదు. అక్క మాత్రం ట్రేలో వేలు పెట్టి చూపించింది. "పైన మట్టి తెల్లగైనంకనే పొయ్యాలె తమ్మీ. నీకు దూపైందని దానికి పోస్తవా?" అంది. మళ్లీ నారు పోస్తే మూడు వారాలు వెనకబడ్డాం. విత్తనాల ఖర్చు కంటే ఆ మూడు వారాలే ఎక్కువ నష్టం, ఎందుకంటే అందరి టమాటా మార్కెట్‌కు వచ్చేసిన తర్వాత మాది వచ్చింది. ఆ తప్పు నా సొంత కౌలు చేలో చేసి ఉంటే తట్టుకునేవాడిని కాదు. ఆయన చేలో చేశాను, అది ఇప్పటికీ బాధే. అందుకే పనికి చేరిన మొదటి నెలలో నారు దగ్గరికి మాత్రం ఒంటరిగా వెళ్లకండి.

ఆకుకూరల దగ్గర నేర్చుకోవాల్సింది వేరు. మెంతికూర 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తుంది, పాలకూర మొదటి కోత కూడా ఇంచుమించు నెలకే. కొత్తవాళ్లు ఉత్సాహంలో పది మళ్లూ ఒకే రోజు చల్లేస్తారు. పదీ ఒకేసారి కోతకొస్తాయి, అన్ని కట్టలు ఒక్క రోజులో ఎవరు కొంటారు? మా రైతు వారానికి రెండు మళ్లు చల్లేవాడు, అంతే. కొత్తిమీరకు ధనియాలు చెప్పుతో నలిపి, రెండు పప్పులుగా చేసి చల్లేవాళ్లం. వారం వారం కొంత డబ్బు చేతికి రావడానికి ఈ వరసే ఆధారం.

వంగలో ఇంకో పని. ఉదయం సాళ్ల వెంట నడుస్తూ మొవ్వు వాలిపోయిన కొమ్మలు వెతకాలి. లోపల పురుగు ఉంటుంది. వాలిన చోటుకు కిందనే తుంచి సంచిలో వేసుకుని, చేను బయటికి తీసుకెళ్లి కాల్చేయాలి. అక్కడే పడేస్తే పురుగు బయటికొచ్చి మళ్లీ పెరుగుతుంది. మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు కూడా పెట్టాం. కానీ తుంచడం మానేస్తే ఆ బుట్టలొక్కటే సరిపోవు. వారానికి రెండుసార్లు అదే నడక, అదే చూపు. ఎవరికీ వీడియో తీయాలనిపించని పని ఇది, వంగ పంట నిలబడేది మాత్రం దీనితోనే.

మార్కెట్‌కు కూడా వెళ్లండి, తప్పకుండా. సాయంత్రం కోసి, కట్టలు కట్టి, తడి గోనె కప్పి, తెల్లవారకముందే ట్రాలీ ఆటోలో బయల్దేరేవాళ్లం. కొన్ని రోజులు గుడిమల్కాపూర్ హోల్‌సేల్ మార్కెట్, కొన్ని రోజులు మెహిదీపట్నం రైతు బజార్. దళారి లేకుండా రైతే అమ్ముకోవాలని 1999 జనవరిలో రైతు బజార్లు మొదలయ్యాయి. అక్కడ ధర కాస్త నయం, కానీ పొద్దంతా కూర్చోవాలి, ఆ రోజు చేలో పని ఆగిపోతుంది. కమీషన్ ఏజెంటుకు వేస్తే అరగంటలో పని అయిపోతుంది, ధర ఆయన చెప్పిందే. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ ఇంత బాగా అర్థం కాదు.

ధర గురించి ఒక్క ఉదాహరణ. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా 150 రూపాయలు దాటింది. టీవీలో చూసి ఎంతోమంది టమాటా వేశారు. ఆ పంట చేతికి రాకముందే ధర పడిపోయి, సెప్టెంబరులోనే కర్నూలు వైపు రైతులు టమాటా రోడ్డు పక్కన పారబోశారు. నారు పోసిన రోజు నుంచి మొదటి కోతకు మూడు నెలలు పడుతుంది. ఇవాళ్టి ధర చూసి వేసే పంట ఇవాళ్టి ధరకు అమ్ముడవదు.

ఎవరి దగ్గర చేరాలి అంటే, మూడు నాలుగు రకాల కూరగాయలు వేసే రైతును వెతకండి. ఒకే పంట వేసే చోట ఒకే పని నేర్చుకుంటారు. మృగశిర కార్తె దగ్గర, అంటే జూన్ మొదట్లో చేరితే నారు పోయడం నుంచి చూడొచ్చు. శిక్షణ పేరుతో వేలు కట్టించుకుని రెండు రోజులు తిప్పి చూపించే చోట్లకు వెళ్లొద్దు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో శిక్షణలు జరుగుతాయి, రంగారెడ్డి జిల్లాకు హయత్‌నగర్‌లో ఉంది, అవి బాగుంటాయి. పురుగు పేరు, తెగులు కారణం అక్కడ తెలుస్తాయి. కానీ చేలో పని చేస్తూ వెళ్తేనే అక్కడ ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

ఇప్పుడు నా దగ్గర 10 గుంటలు, అంటే పావు ఎకరం ఉంది, కౌలుకే. మీరు చూస్తున్న ఈ బెండ, ఆ చివర పాలకూర మళ్లు. నిన్న సాయంత్రం అక్క ఇటు వచ్చింది. పాలకూర మడి గట్టు మీద కూర్చుని, రెండు మొక్కలు పక్కకు వంచి చూసి, "బాగ మొలిచినయ్, కానీ మస్తు దగ్గర పడ్డయ్. రేపే పలచగ చెయ్" అని వెళ్లిపోయింది. కెమెరా ఆపేసి ఇప్పుడు ఆ పనికే వెళ్తున్నాను.