చలినీళ్ల ఈత మన పిల్లలకు దక్కాలె

(వడ్డేపల్లి చెరువు కట్ట మీద, పొద్దుగాల నడిచే మిత్రుల కలయికల మాట్లాడింది)

పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. ఆరోగ్యం మీద మాట్లాడమన్నరు. నడక గురించి మీకు నేను చెప్పేదేముంది? ఈత గురించి చెప్త. పుష్యమాసపు చలిల, చెరువు ఈత గురించి.

నాకు మా మామ బాయిల నేర్పిండు. నడుముకు ఎండిన ఆనిగెపుకాయ బుర్ర కట్టి, తాడు కొస తన చేతికి చుట్టుకుని, "కాళ్లు కొట్టురా, కాళ్లు కొట్టు" అని ఒడ్డు మీదికెళ్లి ఒర్రేటోడు. చలికాలం బాయి నీళ్లు గోరువెచ్చగుంటయి. చెరువు అట్ల కాదు. మెడదాకా దిగంగనే వద్దన్నా ఊపిరి గక్కున లోపలికి గుంజుకుంటది. అప్పుడు తల మునిగుంటే ఊపిరితోని నీళ్లు పోతయి. అందుకే దుంకొద్దు. మెల్లగ దిగి, ఒడ్డు పట్టుకుని, ఊపిరి నిదానంగ వదలాలె. ఒకటి రెండు నిమిషాలల్ల దమ్ము కుదురుకుంటది. ఇగ సుఖమంత ఆ తర్వాతనే! ఒళ్లంత చురచుర, తలల ఒక్క రంది ఉండదు. గుండె జబ్బు, బీపీ ఉన్నోళ్లు డాక్టర్ను అడగంది దిగొద్దు. బయటికొచ్చినంక కూడ ఒళ్లు కొంతసేపు చల్లవడుతనే ఉంటది, వెంటనే పొడిబట్టలు కట్టుకోవాలె.

1959ల ఇంగ్లండ్, ఫ్రాన్స్ నడుమనుండే సముద్రం ఇంగ్లిష్ ఛానల్‌ను ఈదిన ఆరతి సాహా, ఆసియా ఆడోళ్లల్ల మొదటామె. ఆమె కూడ నది ఘాటుల ఈత మొదలువెట్టినామెనే. మనకేం తక్కువ? కాకతీయుల కాలం నుంచి పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఉన్నయి. పాకాలల మొసళ్లుంటయి, అండ్ల దిగొద్దు. మళ్లొక్కసారి చెప్తున్న, దిగొద్దు.

మా బాయిని మాత్రం పూడ్చిండ్రు. బోర్లు పడ్డంక నీళ్లు అడుగంటినయి, ఊరి చెత్తంత అండ్ల పోసిండ్రు. మామ నిలవడ్డ జాగల ఇప్పుడు ట్రాక్టర్ ఆపుతరు. చెరువులల్ల మొరం తవ్విన గుంతలు నీళ్లు నిండినంక కనపడవు. మోకాటిలోతుల ఆడే పోరడు ఒక్క అడుగు ముందుకేస్తే నిలువులోతు. ఎండకాలం వస్తే పేపర్ల అదే వార్త. "చెరువు దిక్కు పోకు" అంటే పిల్లలు ఆగుతరా? అక్కా, మీరే చెప్పుండ్రి, మనం ఆగినమా? చల్లటి నీళ్లు పిలుస్తనే ఉంటయి. భయపెట్టుడు కాదు, నేర్పుడు కావాలె.

మీ ఊళ్లె మెట్లు మంచిగున్న బాయి మిగిలుంటే, మీటింగ్ అయినంక నన్ను కలువుండ్రి. పూడిక తీయిద్దాం, తాడు కట్టుదాం. సెలవులకు ముందే మొదలువెట్టాలె. నేర్పేటందుకు నేనొస్త.