రోడ్డు వెడల్పు ఒక్కటే కొలత కారాదు: హైదరాబాద్ విస్తరణ, చెరువుల గొలుసు, ఖాళీ జాగాలు

సభాధ్యక్షులకు, పట్టణ ప్రణాళిక విద్యార్థులకు, కాలనీ సంక్షేమ సంఘాల తరఫున వచ్చిన పెద్దలకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఒక అపార్టుమెంటు కట్టడానికి అనుమతి కోరినప్పుడు, దాని ఎత్తును తేల్చేవి ముఖ్యంగా మూడు లెక్కలు. స్థలం ఎంత, ముందున్న రోడ్డు ఎన్ని అడుగులు, చుట్టూ ఎంత సెట్‌బ్యాక్, అంటే గోడకు హద్దుకు మధ్య ఖాళీ, వదులుతున్నారు. ఈ మూడూ సరిపోతే ఎన్ని అంతస్తులు వేయవచ్చో దానంతట అదే తేలిపోతుంది. ఆ అంతస్తుల్లో కాపురం ఉండబోయే కుటుంబాల మురుగు ఏ ట్రంక్ లైనులో, అంటే ఏ ప్రధాన మురుగు పైపులో, కలుస్తుంది, ఆ లైనులో ఇంకా చోటుందా, ఆ స్థలం మీద పడిన వాన ఏ నాలా పట్టుకొని ఏ చెరువుకు చేరుతుంది అనే ప్రశ్నలు ఎత్తును తేల్చే లెక్కలో లేవు. నీటి కనెక్షన్‌కు వేరే దరఖాస్తు, నాలా పక్కన ఉంటే వేరే శాఖ నిరభ్యంతర పత్రం, అంతే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క లోటు గురించే.

ఈ పద్ధతి ఎలా వచ్చిందో గుర్తుచేసుకోవాలి. 2006లో వచ్చిన జీవో 86 ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్ పరిమితిని, అంటే స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి కట్టరాదన్న నిబంధనను, తొలగించింది. 2012 నాటి జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ముంబయి, చెన్నై, బెంగళూరు నగరాల్లో ఈ సూచిక ఏదో ఒక రూపంలో కొనసాగుతుండగా మనం దాన్ని వదిలేశాం. ఆ నిర్ణయంలో న్యాయం లేదని నేను అనను. పరిమితి ఉన్న రోజుల్లో అదనపు అంతస్తులు దొంగచాటుగా లేవడం, ఆ తర్వాత క్రమబద్ధీకరణ పేరుతో వాటికి రుసుము కట్టించుకోవడం మనకు తెలిసిన చరిత్రే. రోడ్డు వెడల్పును కొలమానం చేశాక నిబంధన సామాన్యుడికి కూడా అర్థమైంది, ఇళ్ల సరఫరా పెరిగింది. అయితే రోడ్డు వాహనాలను మోస్తుందేగాని నీటిని, మురుగును మోయదు. వంద అడుగుల రోడ్డు మీద నలభై అంతస్తులు నిలబడవచ్చు, దాని కింద వేసిన మురుగు పైపు మాత్రం అక్కడ పొలాల మధ్య విడి ఇళ్లు వస్తాయని ఊహించిన రోజుల నాటిది కావచ్చు.

కోకాపేటను చూడండి. 2023 ఆగస్టులో అక్కడి నియోపోలిస్ లేఅవుట్ స్థలాల వేలంలో ఎకరం ధర వంద కోట్లు దాటింది. అంత ధర పెట్టి కొన్నవాడు ఆకాశంలోకి కట్టక తప్పదు. అతడిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. అక్కడ భూమి అమ్మింది ప్రభుత్వ సంస్థే, ఎత్తుకు అనుమతి ఇచ్చేదీ ప్రభుత్వమే, నీళ్లు, రోడ్లు, బస్సులు ఇవ్వాల్సిందీ ప్రభుత్వమే. అమ్మకంలో ఆదాయం ఉంది, మిగిలిన వాటిలో ఖర్చు ఉంది, ఆదాయం ముందు వస్తుంది, ఖర్చు ఏళ్ల తర్వాత వస్తుంది. పైగా మొదటి దశలో 69 కిలోమీటర్ల మెట్రో వేసుకున్నాం. ఆ స్టేషన్లకు నడిచి వెళ్లగలిగే దూరంలో జనసాంద్రత పెరగాల్సింది పోయి, మెట్రో ఇంకా చేరని పడమటి అంచున ఆకాశహర్మ్యాలు లేచాయి. రవాణా ఒక దిక్కున, అంతస్తులు మరో దిక్కున పెరగడాన్ని ప్రణాళిక అనలేం.

ఇక నీటి సంగతి. ఈ నగరం రాతి నేల మీద ఉంది. వాన నేలలోకి ఇంకేది తక్కువ, వాలు పట్టుకొని పారేది ఎక్కువ. అందుకే మన పెద్దలు ప్రతి వాలులోనూ చెరువు కట్టారు, ఒక చెరువు నిండితే అదనపు నీరు పొర్లిపోయే అలుగు దుమికి వాగు వెంట కిందనున్న చెరువుకు, అది నిండితే మరో చెరువుకు, చివరికి మూసీకి చేరేలా గొలుసు అల్లారు. ఈ గొలుసులో ఏ చెరువూ ఒంటరిది కాదు. ఒక చెరువును కాపాడి దాని అలుగు వాగును మూసేస్తే ఆ చెరువు కట్టే కింది బస్తీకి ప్రమాదమవుతుంది.

ఒక చెరువు ఎలా పోతుందో కాస్త దగ్గరగా చూద్దాం. అలుగు మట్టానికి నీళ్లు నిలిచినప్పుడు తడి ఎంతవరకు వస్తుందో అదే ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్. దాని లోపలి భూమి శిఖం. నీళ్లు తగ్గిన ఎండాకాలంలో ఆ శిఖంలో సాగు చేసుకునే హక్కు కొందరు పట్టాదారులకు తరతరాలుగా ఉంది. నగరం దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టా కాగితం చేతులు మారుతుంది, సాగు హక్కు కాస్తా ఇంటి స్థలమై కూర్చుంటుంది. వరుసగా రెండు మూడేళ్లు వానలు తగ్గితే చెరువు ఎండి మైదానంలా కనిపిస్తుంది, కొనేవారికి అక్కడ నీళ్లు నిలుస్తాయన్న అనుమానమే రాదు. ఇళ్లు లేచాక వాన పడితే మునుగుతాయి గనుక, ఎవరో ఒకరు రాత్రికి రాత్రి అలుగు రాళ్లు తొలగించి నీటిమట్టాన్ని శాశ్వతంగా దించేస్తారు. ఆ తర్వాత కొలతకు వచ్చిన సర్వేయరుకు ఎఫ్‌టీఎల్ గీత ఇంకా లోపలికి జరిగి కనిపిస్తుంది. చట్ట ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేని పట్టీ, వదలాలి. గీతే జరిగిపోయినప్పుడు బఫర్‌ను ఎక్కడి నుంచి కొలవాలి? అందువల్లే ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ అన్ని పనులకన్నా ముందు జరగాలని నేను పట్టుబడుతున్నాను. నోటిఫికేషన్ లేకుండా కూల్చివేతకు వెళ్తే, అనుమతి చూసి, బ్యాంకు రుణం తీసుకొని ఇల్లు కొన్న కుటుంబం ముందు యంత్రం నిలబడుతుంది, అనుమతి ఇచ్చిన అధికారి మాత్రం ఎక్కడా కనిపించడు.

2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ నెలలోనే పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి అలీనగర్, హఫీజ్‌బాబానగర్ వంటి పాతబస్తీ కాలనీలను ముంచెత్తాయి. అంత వానకు ఏ నగరమైనా తడబడుతుంది, నిజమే. కానీ ఎగువన సిమెంటు పరిచిన వాలుల నుంచి వేగంగా దిగిన నీరు, దిగువన ఇళ్ల మధ్య ఇరుకైన నాలాలు, ఈ రెండింటి మధ్య పాత మట్టికట్ట ఏమి చేయగలదు? ఎగువ కాలనీకి అనుమతి ఇచ్చిన రోజున దిగువ కట్ట బలం ఎంతో అడిగినవారు లేరు.

ఈ ప్రశ్నను వందేళ్ల కిందటే అడిగినవారు ఉన్నారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేల ప్రాణాలు తీసింది. మరుసటి ఏడాది వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరం ఒడ్డున గోడ కడితే చాలదని గ్రహించి, ఎగువ పరీవాహక ప్రాంతమంతా లెక్కగట్టారు. అక్కడ 788 చెరువులు ఉన్నాయని, ఆ వరదలో 221 కట్టలు తెగాయని నమోదు చేశారు. ఆ పరిశీలన నుంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పుట్టాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీల పునర్నిర్మాణం, వెడల్పాటి రోడ్లు, మురుగు పారుదల పనులను చేపట్టింది. ముందు నీటికి దారి, ఆ తర్వాత నగరం అన్న వరుస ఆనాటి పనుల్లో స్పష్టంగా ఉంది.

ఆ రెండు జలాశయాల రక్షణకు చుట్టూ నిర్మాణాల మీద ఆంక్షలు పెడుతూ 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. అప్పుడు వినిపించిన వాదన, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాక నగరం ఈ జలాశయాల మీద ఆధారపడటం లేదన్నది. వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఎత్తిపోసుకుంటున్న నీళ్ల కరెంటు ఖర్చు ఒకవైపు ఉండగా, వాలు మీద వచ్చి చేరే నీటిని అవసరం లేదనడం నాకు మింగుడుపడదు. పైగా ఆ జలాశయాల మొదటి పని వరదను ఆపడం. ఇక్కడ రైతుల పక్షాన కూడా ఒక మాట చెప్పి తీరాలి. నగరం మొత్తం క్షేమం కోసం ఆ 84 గ్రామాల రైతులు పాతికేళ్లు భూమి విలువను వదులుకున్నారు, పక్క ఊరి ఎకరం కోట్లు పలుకుతుంటే తమది పలకలేదు. వారికి పరిహారం ఇవ్వకుండా ఆంక్ష మాత్రమే పెట్టడం అన్యాయం. బదిలీ చేసుకోదగ్గ అభివృద్ధి హక్కులను, అంటే వదులుకున్న భూమికి బదులు మరోచోట అదనంగా కట్టుకోవడానికో, ఇంకొకరికి అమ్ముకోవడానికో ఇచ్చే హక్కులను, మనం టీడీఆర్ అంటున్న దాన్ని, రోడ్ల వెడల్పు కోసం వాడుకున్నంత ధారాళంగా ఈ గ్రామాల కోసం వాడి, ఆ హక్కులను మెట్రో స్టేషన్ల చుట్టూ మాత్రమే వినియోగించేలా నియమం పెట్టి ఉంటే, రైతుకు డబ్బు అందేది, జలాశయం నిలిచేది, సాంద్రత సరైన చోట పెరిగేది.

పచ్చదనం విషయంలో మన దగ్గర చట్టానికి కొదవ లేదు. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగా వదిలి గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో పదో వంతు మొక్కలకు కేటాయించమంది. 2022లో ఔటర్ రింగు రోడ్డు పచ్చదనానికి అంతర్జాతీయ పురస్కారం కూడా వచ్చింది. అయినా ఆ పది శాతం చాలా లేఅవుట్లలో మూలన మిగిలిన త్రికోణపు ముక్కగానో, హైటెన్షన్ తీగల కింది పట్టీగానో ఉంటుంది, కాలక్రమంలో అక్కడ నీళ్ల ట్యాంకో, కమ్యూనిటీ హాలో, గుడో లేస్తుంది. రోడ్డు మధ్య పెంచిన పూలమొక్క చూడటానికి బాగుంటుంది గానీ దాని కింద పిల్లలు ఆడలేరు, వృద్ధులు కూర్చోలేరు. నా ప్రతిపాదన సులువైనది. ప్రతి లేఅవుట్‌లోని పది శాతాన్ని, ఆ స్థలంలో వాగు గానీ నాలా గానీ ఉంటే, దాని ఒడ్డునే వదిలించాలి. పది లేఅవుట్ల ముక్కలు ఒకదానికొకటి కలిస్తే చెరువు నుంచి చెరువుకు నడిచి వెళ్లగల పచ్చని బాట అవుతుంది, వానాకాలంలో వరదకు చోటవుతుంది. పెద్ద అడవి తునకల భవిష్యత్తును కూడా ప్రణాళికలోనే తేల్చాలి. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. యంత్రాలు దిగాక న్యాయస్థానం తలుపు తట్టే స్థితి రాకూడదు.

భూమి ఎలా వస్తుందని అడుగుతారు. అహ్మదాబాద్ చేసి చూపింది. 1976 గుజరాత్ చట్టం కింద అక్కడ టౌన్ ప్లానింగ్ స్కీములు నడుస్తాయి. ఒక ప్రాంతంలోని చేలన్నీ కలిపి, రోడ్లకు, పార్కులకు, బడులకు వాటా తీసి, మిగిలినది చక్కని ఆకారంలో తిరిగి యజమానులకే ఇస్తారు. వారి 76 కిలోమీటర్ల రింగు రోడ్డుకు చాలావరకు భూమి ఇలాగే సమకూరింది. మనకు అమరావతి భూసమీకరణ అనుభవం ఉంది, మౌలిక వసతులు ఆలస్యమైతే భూమి ఇచ్చిన రైతు ఎంత నలుగుతాడో కూడా అది చూపింది. కాబట్టి గడువు చట్టంలోనే ఉండాలి. సమీకరణ లేని చోట ఏమవుతుందంటే, 2020లో తెలంగాణలో అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం ఎల్‌ఆర్‌ఎస్‌కు వచ్చిన పాతిక లక్షలకు పైగా దరఖాస్తులే జవాబు. అన్ని లక్షల ప్లాట్లు ప్రణాళికకు బయట పుట్టాయి.

హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ, అంటే హెచ్‌ఎండీఏ, 2050 మాస్టర్ ప్లాన్ పనిలో ఉంది. దాని ముసాయిదా బయటికి వచ్చి అభ్యంతరాలు స్వీకరించే రోజుల్లో, దయచేసి పటంలో మీ ప్లాటు ఏ రంగులో, అంటే ఏ భూ వినియోగ జోనులో, ఉందో చూసుకొని ఆగిపోవద్దు. మీ కాలనీ ఏ చెరువు పరీవాహకంలో ఉందో, ఆ చెరువు అలుగు వాగు పటంలో మూసీ దాకా తెగకుండా గీసి ఉందో లేదో చూడండి. ఆ పరీవాహకానికి మురుగు, వరద నీటి సామర్థ్యం ఎంతో, దాన్ని బట్టి ఎంత నిర్మాణ విస్తీర్ణానికి అనుమతి ఇస్తారో అంకెల్లో రాశారా అని అడగండి. రాజ్యాంగంలోని 243జెడ్‌ఈ అధికరణం చెప్పిన మహానగర ప్రణాళిక సంఘం ముందు ఆ ముసాయిదా ఎప్పుడు చర్చకు వస్తుందో కూడా రాతపూర్వకంగా అడగండి. గీత తెగిన చోట సర్వే నంబరు వేసి అభ్యంతరం దాఖలు చేయండి, రసీదు తీసుకోండి.