భారీ ఊహ, భారీ ఖర్చు: సైన్స్ ఫిక్షన్ సినిమాకు గిట్టుబాటు ఉందా?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సినిమా మీద అభిమానంతో విచ్చేసిన మీ అందరికీ నమస్కారం.

కోట్ల డాలర్ల ఖర్చుతో, గొప్ప ఆశయంతో తీసే సైన్స్ ఫిక్షన్ సినిమాలు బాక్సాఫీసు దగ్గర నిలబడగలవా అన్నది నాకు అప్పగించిన ప్రశ్న. నిలబడగలవనే నా నమ్మకం. ఇలాంటి సినిమా ఒకటి పోయినప్పుడల్లా కథ జనానికి అర్థం కాలేదని, తెలివైన సినిమాలు ఆడవని పరిశ్రమలో ఒక మాట వినిపిస్తుంది. ప్రేక్షకుడి మీద వేసే ఆ నింద అన్యాయమైనదని, లోపం చాలాసార్లు ఖర్చును నిర్ణయించిన చోట, కథలోకి దారి వేయవలసిన చోట ఉంటుందని చెప్పడానికే ఈ సమయాన్ని ఉపయోగించుకుంటాను.

ముందు లెక్క సంగతి చూద్దాం. పత్రికల్లో కనిపించే గ్రాస్, అంటే మొత్తం టికెట్ల వసూలు, అంతా నిర్మాతకు చేరే సొమ్ము కాదు. అమెరికాలో టికెట్ల సొమ్ములో సుమారు సగం థియేటర్లకు పోతుంది. బయటి దేశాల్లో నిర్మాణ సంస్థకు దక్కే వాటా అంతకంటే తక్కువ, చైనాలోనైతే దాదాపు నాలుగో వంతే. ప్రచారానికి పెట్టే ఖర్చు బడ్జెట్ అంకెలో కలవదు, పెద్ద సినిమాకు అదే కొన్ని కోట్ల డాలర్లు అవుతుంది. అందుకే నిర్మాణ వ్యయానికి రెండున్నర రెట్లు గ్రాస్ వస్తే గాని థియేటర్ల నుంచి బ్రేక్ ఈవెన్ కాదని, అంటే పెట్టిన డబ్బు తిరిగి రాదని వ్యాపార వర్గాలు ఉజ్జాయింపుగా లెక్క వేసుకుంటాయి. 2017లో వచ్చిన 'బ్లేడ్ రన్నర్ 2049' 15 కోట్ల డాలర్లకు పైబడిన ఖర్చుతో తయారై ప్రపంచమంతటా 26 కోట్లకు అటూ ఇటూగా వసూలు చేసింది. అంకె పెద్దదే అయినా ఈ లెక్కలో అది నష్టం. అదే వసూలు ఎనిమిది కోట్లతో తీసిన సినిమాకు వచ్చి ఉంటే నిర్మాతలు పండగ చేసుకునేవారు. చూసినవాళ్లు అంతే మంది, మెచ్చుకున్నవాళ్లు అంతే మంది, తీర్పు మాత్రం తారుమారు అయ్యేది. కాబట్టి ఫ్లాప్ అయిన సినిమాను జనం తిరస్కరించిన సినిమాగా జమ కట్టకూడదు.

ఈ రకం సినిమాకు ఖర్చు పెరగడానికి కారణం ఒక్క గ్రాఫిక్స్ మాత్రమే కాదు. నేటి కాలంలో జరిగే కథకు ఇల్లు అద్దెకు దొరుకుతుంది, బట్టలు బజారులో దొరుకుతాయి, వీధి సిద్ధంగా ఉంటుంది. రెండు వందల ఏళ్ల తరువాతి లోకంలో తలుపు ఎలా తెరుచుకుంటుందో, మనుషులు నీళ్లు దేనితో తాగుతారో, గోడ మీద వెలుగు ఎక్కడినుంచి పడుతుందో ప్రతిదీ ఎవరో ఒకరు గీసి, తయారు చేసి, కెమెరా ముందు పెట్టాలి. ఆ తరువాత కథలో చిన్న మార్పు చేసినా దాని వెనుక వందల మంది పని మళ్లీ మొదటికి వస్తుంది. ఈ కష్టం కొత్తదేమీ కాదు. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'మెట్రోపోలిస్' చిత్రీకరణ 1925లో మొదలై ఏడాదికి పైగా సాగి, ఖర్చు 50 లక్షల మార్కులు దాటి, అప్పటికే అప్పుల్లో ఉన్న జర్మన్ నిర్మాణ సంస్థ ఊఫాను మరింత కుంగదీసింది. 1927 జనవరిలో బెర్లిన్‌లో విడుదలైన ఆ సినిమా ఆడలేదు; తరువాత దాన్ని ఎడాపెడా కత్తిరించారు. పోయిందనుకున్న భాగాల్లో అధికభాగం 2008లో బ్యూనస్ ఐరిస్‌లో దొరికింది. సినిమా చరిత్రకు అది మహాభాగ్యం. డబ్బు పెట్టినవాళ్లకు మాత్రం ఆ భాగ్యం ఎనిమిది దశాబ్దాలు ఆలస్యంగా వచ్చింది.

ఆశయం ఉన్న సినిమాకు ప్రేక్షకులు దొరకడానికి కొంత కాలం కావాలి, ఆ కాలం థియేటర్లలోనే దొరకాలి. స్టాన్లీ క్యూబ్రిక్ 1968లో విడుదల చేసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో మొదటి ఇరవై అయిదు నిమిషాల దాకా ఒక్క సంభాషణ కూడా ఉండదు. కోటి డాలర్లు దాటిన ఖర్చు ఆనాటికి చాలా పెద్దది. తొలి ప్రదర్శనల్లో కొందరు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు, విమర్శకులు పెదవి విరిచారు, దర్శకుడు స్వయంగా సుమారు 19 నిమిషాలు తగ్గించాడు. అయినా అప్పటి పద్ధతి ప్రకారం విశాలమైన సినెరామా తెరల మీద నెలల తరబడి ఆడే అవకాశం ఉండడంతో యువకులు మళ్లీ మళ్లీ వచ్చారు, మౌత్ టాక్ మెల్లగా పాకింది, చివరికి ఆ ఏడాది అత్యధిక వసూళ్లు సాధించిన చిత్రాల వరసలో అది నిలిచింది. మొదటి వారాంతపు ఓపెనింగ్స్‌తోనే తలరాత తేలిపోయే నేటి పద్ధతిలో ఆ సినిమా గతి ఏమై ఉండేదో ఆలోచిస్తే నాకు దిగులు కలుగుతుంది. 1982లో వచ్చిన మొదటి 'బ్లేడ్ రన్నర్' అలాంటి అవకాశానికి నోచుకోలేదు. రెండు వారాల ముందే విడుదలై ఊపేస్తున్న 'ఇ.టి.' పక్కన, చీకటిగా వాన కురిసే ఆ నగరాన్ని చూడడానికి ఆ వేసవిలో జనం రాలేదు. దానికి వీడియో క్యాసెట్లు, పదేళ్ల తరువాత వచ్చిన కొత్త కూర్పు అభిమానులను సంపాదించిపెట్టాయి.

ఆ అభిమానాన్ని చూసే 2049కి అంత ఖర్చు పెట్టారు. అభిమానం ఎంత గాఢంగా ఉందో చూశారు గాని ఎంత మందిలో ఉందో చూడలేదు. 163 నిమిషాల నిడివి వల్ల రోజుకు పడే ఆటలు తగ్గాయి. మలుపులు బయటపడకూడదని ప్రచారంలో కథను దాచడంతో మొదటి సినిమా చూడని మనిషికి ఇది తనకోసమేనని చెప్పినవాళ్లు లేకపోయారు. సినిమాగా అది గొప్పదని, రోజర్ డీకిన్స్ ఛాయాగ్రహణానికి వచ్చిన ఆస్కార్ పూర్తిగా న్యాయమైనదని ఇక్కడే చెప్పాలి.

2049 దర్శకుడు డెని విల్‌నవ్ ఆ తరువాత 'డ్యూన్' నవలను చేపట్టడం ఈ చర్చలో ఎంతో విలువైన ఉదాహరణ. ఆ నవలను 1984లో ఒకసారి సుమారు నాలుగు కోట్ల డాలర్లతో తీసి నష్టపోయారు. రెండుంపావు గంటల్లో మొత్తం నవలను కుదించడంతో గ్రహాల పేర్లు, వంశాల పేర్లు, మతాల పేర్లు వరసగా వచ్చి పడ్డాయి. కొన్ని థియేటర్లలో ప్రేక్షకుడి చేతికి పదాల అర్థాలు అచ్చు వేసిన కాగితం ఇచ్చారు. ఆ కాగితం అందుకుని చీకట్లో కూర్చున్న మనిషిని తలుచుకోండి. కథలోకి అడుగు పెట్టకముందే తాను పరీక్షకు వచ్చానని అతనికి తెలిసిపోయింది. విల్‌నవ్ 2021లో సగం నవలనే తీసుకున్నాడు. పరీక్ష దృశ్యంలో ఒక కుర్రవాడు పెట్టెలో చెయ్యి పెడతాడు, మెడ దగ్గర విషపు సూది ఉంటుంది, చెయ్యి లాగితే చావు. అక్కడ ఆ పరీక్ష పెట్టే మత సంఘం చరిత్ర మనకు పూర్తిగా తెలియనక్కర లేదు; నొప్పి తెలుసు, తలుపు అవతల వణుకుతున్న తల్లి తెలుసు. 16.5 కోట్ల ఖర్చుతో తీసిన ఆ సినిమాను అమెరికాలో అదే రోజు స్ట్రీమింగ్‌లో కూడా విడుదల చేసినా ప్రపంచవ్యాప్తంగా 40 కోట్లు దాటింది. రెండో భాగం 2024లో ముందుగా థియేటర్లకే వచ్చి 70 కోట్లు దాటింది. మొదటి భాగం ఆడకపోతే కథ సగంలో ఆగిపోయేదే, ఆ ప్రమాదం తెలిసే దిగారు. అయినా లోకాన్ని నింపాదిగా పరిచయం చేయడానికి తీసుకున్న ఆ వ్యవధే రెండో భాగానికి పెట్టుబడి అయింది.

కష్టమైన శాస్త్రం జనాన్ని దూరం చేస్తుందనేవారికి నేను 'ఇంటర్‌స్టెల్లార్'లోని ఒక ఘట్టం చూపిస్తాను. కృష్ణబిలానికి (బ్లాక్ హోల్) చేరువలో ఒక గ్రహం, మోకాలి లోతు నీళ్లు, దూరాన కొండలా కనిపించేది నిజానికి కెరటం. అక్కడ గడిపే ఒక్కో గంట భూమి మీద ఏడేళ్లతో సమానం. అనుకున్నదానికంటే ఆలస్యమై, అక్కడ దిగిన వ్యోమగాములు నౌకకు తిరిగొచ్చేసరికి అక్కడ కాచుకుని ఉన్న సహచరుడి గడ్డం నెరిసి ఉంటుంది. ఇరవై మూడేళ్లు గడిచిపోయాయి. వారిలో ఒకడైన తండ్రి కూర్చుని, భూమి మీది పిల్లలు పంపిన సందేశాలు ఒక్కొక్కటే చూస్తాడు. కొడుకు పెద్దవాడై తన బిడ్డను ఎత్తి చూపిస్తాడు. అలిగి ఇన్నాళ్లూ మాట్లాడని కూతురు తెర మీదికి వచ్చి, నువ్వు వెళ్లిపోయిననాటి నీ వయసు ఇప్పుడు నాకు వచ్చిందని చెబుతుంది. సాపేక్ష సిద్ధాంతంలో కాలం మందగించడమనే భావన ఇక్కడ పాఠంగా రాలేదు, తిరిగిరాని బాల్యంగా వచ్చింది. శాస్త్ర సలహాదారుగా ఉన్న కిప్ థార్న్ 2017లో భౌతికశాస్త్రంలో నోబెల్ పంచుకున్న పండితుడు. సినిమాలో సైన్స్ తేలిక చేయలేదు, మనిషి బాధతో ముడి పెట్టారు, అంతే. 16.5 కోట్లతో తీసిన ఆ సినిమా 2014లో 65 కోట్ల డాలర్లు దాటింది. పదేళ్ల తరువాత ఐమాక్స్‌లో రీ-రిలీజ్ చేస్తే మళ్లీ హాళ్లు నిండాయి.

ఇందుకు విరుద్ధంగా తన స్వభావానికి తానే వెరచిన సినిమాలు ఉన్నాయి. 2012లో డిస్నీ తీసిన 'జాన్ కార్టర్'కు మొదట అనుకున్న పేరులో మార్స్ అనే మాట ఉండేది, దాన్ని తీసేశారు. అంగారక గ్రహం మీద జరిగే కథకు అంగారకుడి పేరు అడ్డమని భావించాక, దాన్ని ఎవరికి అమ్మాలో ప్రచారానికి తెలియకుండా పోయింది. విడుదలైన కొద్ది రోజులకే సుమారు 20 కోట్ల డాలర్ల నష్టం రావచ్చని సంస్థే ప్రకటించింది.

అయితే ఖర్చు తగ్గిస్తే చాలు గెలుస్తాం అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. 2023లో గారెత్ ఎడ్వర్డ్స్ 'ది క్రియేటర్'ను చిన్న కెమెరాతో నిజమైన ప్రదేశాల్లో తీసి, ఎడిటింగ్ అయ్యాక అవసరమైన దృశ్యాలకే గ్రాఫిక్స్ జోడించి, ఎనిమిది కోట్లకే దానికి రెండింతలు ఖర్చయినట్టు కనిపించేలా చేశాడు. పద్ధతి అద్భుతం, వసూళ్లు పదికోట్లు దాటి ఆగిపోయాయి. మనుషుల మీద మనసు పడేంత తీరిక ఆ కథ ఇవ్వలేదని నా అభిప్రాయం. విల్‌నవ్ 'అరైవల్' 2016లో అయిదు కోట్ల లోపు ఖర్చుతో 20 కోట్లు తెచ్చింది. అందులో యుద్ధం లేదు. ఒక భాషాశాస్త్రవేత్త వలయాల్లాంటి లిపిని చదవడం నేర్చుకోవడమే కథ.

చివరిగా ఒక అభ్యంతరానికి సమాధానం చెప్పాలి. ఈ విజయాలన్నీ పేరున్న దర్శకులవేనని, 'ఇంటర్‌స్టెల్లార్' తీసిన నోలన్‌కు బ్యాట్‌మ్యాన్ చిత్రాల విజయం, 'అవతార్' తీసిన కామెరాన్‌కు 'టైటానిక్' వెన్నుదన్నుగా ఉన్నాయని అంటారు. చాలావరకు నిజమే. కానీ 'ది మ్యాట్రిక్స్' తీసేనాటికి వచోస్కీ సోదరీమణులు దర్శకత్వం వహించినది ఒకే ఒక చిన్న సినిమా. మనం చూస్తున్న లోకం నిజమా అనే తాత్త్విక ప్రశ్న మీద నిలిచిన కథకు వారి చేతిలో 6.3 కోట్ల డాలర్లు పెట్టారు. 1999లో అది 46 కోట్లకు చేరింది. ఆ 6.3 కోట్లు పోయినా సంస్థ మూతపడదు, ఊహించినదాన్ని తెర మీద పెట్టడానికి మాత్రం చాలుతుంది. ఇప్పుడు పెద్ద సంస్థలు అయితే అతి చిన్న సినిమా, కాకపోతే 20 కోట్ల సినిమా అన్నట్టు నడుస్తున్నాయి. మధ్యలో ఉన్న ఆ మెట్టు తరిగిపోతోంది. కొత్తవారికి ఆ స్థాయిలో డబ్బు, దానితోపాటు థియేటర్లలో కనీసం కొన్ని వారాల గడువు ఇవ్వమని, పెట్టుబడి నిర్ణయాలు చేసేవారిని ఈ వేదిక మీదనుంచి నేను కోరుతున్నాను.