అలముత్ కోటలో పుస్తకాలు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెప్పడం మర్యాదే గానీ నాకిచ్చింది పావుగంట. అందరికీ కలిపి ఒకే నమస్కారం పెడుతున్నాను.

గ్రంథాలయ వారోత్సవాల్లో మధ్యయుగపు హంతక ముఠా అని పేరుపడ్డ అస్సాసిన్ల గురించి మాట్లాడమన్నారు. ఆ విషయమైతే పిల్లలు వస్తారని కార్యదర్శిగారు అన్నారు. వచ్చారు, చాలా సంతోషం. మీకు తెలిసిన కథే ముందు చెప్పేస్తాను. కొండ మీద ఒక ముసలాయన. కుర్రాళ్లకి మత్తుమందు పట్టించి రహస్య తోటలోకి చేరుస్తాడు. తేనె కాలువలు, ద్రాక్షసారా కాలువలు, అందగత్తెలు. మళ్లీ మత్తిచ్చి బయట పడేసి, ‘ఫలానావాణ్ణి చంపితే ఆ స్వర్గానికి తిరిగి పంపిస్తాను’ అంటాడు.

ఈ కథని లోకమంతా తిప్పినవాడు మార్కో పోలో. ఆయన పుట్టింది 1254లో. ఆ ముసలాయనదని చెప్పే అలముత్ కోట మంగోలుల చేతికి చిక్కింది 1256లో. ఒక్కసారి లెక్క వేయండి బాబూ. ఆయన అటువైపు ప్రయాణమయ్యేనాటికి అక్కడ ముసలాయనా లేడు, తోటా లేదు.

నిజంగా ఉన్నవాళ్లు నిజారీ ఇస్మాయిలీలు, షియా మతంలో ఒక శాఖ. వాళ్ల నాయకుడు హసన్ సబ్బా 1090లో ఉత్తర ఇరాన్ కొండల్లోని అలముత్‌ని పట్టాడు. 1124లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. తాగాడని ఒక కొడుకుకి మరణశిక్ష వేయించాడని చెప్పుకునే మనిషి, కుర్రాళ్లకి ద్రాక్షసారా కాలువలు పారించాడంటే నేను నమ్మను. ‘హషీషీ’ అన్నది శత్రువులు పెట్టిన పేరు, ఒక తిట్టు. ఇంగ్లీషులో హంతకుడికి వాడే అస్సాసిన్ అనే మాట అందులోంచే వచ్చింది.

హత్యలు చేయలేదా? చేశారు. నేను దాచను. 1092లో, అప్పట్లో ఇరాన్‌ని ఏలుతున్న సెల్జుక్ సామ్రాజ్యపు వజీరు నిజాముల్ ముల్క్‌ని ఫకీరు వేషంలో వచ్చిన ఒక ఫిదాయి, అంటే ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడ్డ నిజారీ, పొడిచి చంపాడు. ఎదురుగా పెద్ద సైన్యమున్న సామ్రాజ్యం, ఇటు విడివిడిగా కొండకోటల్లో కొద్దిమంది. మైదానంలో నిలబడలేనివాళ్లు సేనాపతి ఒక్కణ్ణి లేపేసే దారి పట్టారు. అది తప్పే. ఐతే వాళ్ల వైపు మాట ఏమిటి? అది తెలుసుకోవాలంటే వాళ్ల పుస్తకాలు ఉండాలి కదా!

నేను అసలు చెప్పడానికొచ్చింది ఇదే. అలముత్‌లో గొప్ప గ్రంథాలయం ఉండేది. నసీరుద్దీన్ తూసీ అంతటి ఖగోళ పండితుడు ఏళ్ల తరబడి ఆ కోటల్లో కూర్చుని రాశాడు. కోట పడ్డాక మంగోలుల నాయకుడు హులాగు ఖాన్ కొలువులోని జువైనీ అనే చరిత్రకారుడు అనుమతి తీసుకుని లోపలికెళ్లాడు. ఖురాన్ ప్రతులు, తనకి విలువైనవనిపించిన పుస్తకాలు, నక్షత్రాలు చూసే పరికరాలు బయటికి తీశాడు. మతద్రోహపు రాతలనుకున్న మిగతావన్నీ తగలబెట్టించాడు. ఇదంతా ఆయనే రాసుకున్నాడు.

సెల్జుక్ సుల్తాన్ సంజర్ మంచం పక్కన నిజారీలు రాత్రికి రాత్రి నేలలో బాకు గుచ్చి బెదిరించారని ఒక కథ ఉంది, మీరు వినే ఉంటారు. అదీ జువైనీ చెప్పిందే. వాళ్లని మంచి చేసుకుంటూ సంజర్ ఇచ్చిన ఫర్మానాలు ఆ గ్రంథాలయంలోనే చూశానంటాడు. బాకు కథ అందరికీ గుర్తుంది. సుల్తానుకీ వాళ్లకీ మధ్య సంధి మాటలు నడిచాయని చెప్పే కాగితాలు ఎవరికి గుర్తున్నాయి?

నాకు జువైనీ మీద కోపం రావాలి. రాదు, నేనూ అదే పని చేశాను కాబట్టి. నేను లెక్చరరుగా చేరిన కొత్తల్లో మా కాలేజీలో చెదపట్టిన పుస్తకాలని వెనక పెరట్లో కుప్పేసి కాల్చేస్తున్నారు. పరిగెత్తాను. రెండు చేతులకి పట్టినన్ని తీసుకోమన్నారు. అట్టలు బాగున్నవి, పేరున్నవి ఏరుకున్నాను. పక్కనే మూడు నోటుపుస్తకాలు ఉన్నాయి. రిటైరైన ఒక మాస్టారు చుట్టుపక్కల గుళ్ల శాసనాలన్నీ తిరిగి చేత్తో రాసుకున్న నకళ్లు. అవి వదిలేశాను. కొన్నేళ్లకి ఆ గుళ్లలో ఒకదాన్ని బాగుచేస్తూ శాసనం ఉన్న బండ మీద టైల్స్ పరిచారు. ఆ నకలు ఇప్పుడు ఎక్కడా లేదు. నేను తెచ్చుకున్న అచ్చు పుస్తకాలు మాత్రం ఏ లైబ్రరీలోనైనా దొరుకుతాయి.

నిజారీలు అంతరించిపోలేదు. ఆగాఖాన్‌ని ఇమాముగా కొలిచేది వాళ్లే. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధులని 2013 నుంచి రాష్ట్ర వారసత్వ శాఖతో కలిసి బాగుచేసింది ఆగాఖాన్ ట్రస్టే. వెళ్లినప్పుడు ఆ గుమ్మటాలని తలెత్తి చూడండి. హంతకులని మనం ఒక్క మాటలో తేల్చేసినవాళ్ల వారసుల పని అది.

కార్యదర్శిగారూ, లోపలి గదిలో తాళం వేసిన బీరువా ఒకటుంది. తాళంచెవి పోయిందని పదేళ్లుగా వింటున్నాను. ఈ సభ అయ్యాక, ఈ పిల్లలందరి ఎదుటా దాన్ని తెరిపించండి. రాతప్రతులేమైనా ఉంటే కూర్చుని జాబితా రాయడానికి నేనున్నాను. కాగితం, పెన్ను తెచ్చుకునే వచ్చాను.