ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసులో కలిపేశామండి

యాంకర్: హలో, చెప్పండమ్మా, ఎక్కణ్ణుంచి?

కాలర్: తణుకు దగ్గర నుంచండి. మా మనవడికి మూడేళ్లండి, నిన్న పొద్దున్నుంచి విరేచనాలు, ఓఆర్‌ఎస్ పడతానే ఉన్నాం, ఐనా నీళ్లలాగే పోతున్నాడండి.

డాక్టర్: ఎలా కలిపారమ్మా?

కాలర్: ప్యాకెట్ మొత్తం గ్లాసుడు నీళ్లలోనండి. లీటరు కలిపితే వీడు తాగడు కదా, పారబోయడం ఎందుకనీ...

డాక్టర్: అయ్యో, అక్కడే వచ్చింది తంటా. మీరు మాగాయ పెడతారా?

కాలర్: (నవ్వుతూ) ఏటా పెడతామండి.

డాక్టర్: ముక్కలకి ఉప్పు పట్టించి జాడీలో పెడితే మూడోరోజుకి ఊట ఎక్కణ్ణుంచొస్తది? మీరేం నీళ్లు పోయలేదు కదా, ముక్కలో నీళ్లే ఉప్పు ఉన్న వైపుకి వచ్చేస్తాయి. కణం పొర గుణమే అది, నీళ్లని చిక్కగా ఉన్న వైపుకి వదిలేస్తది. చిక్కటి ఓఆర్‌ఎస్ పడితే బాబు పేగులోకి కూడా ఒంట్లో నీళ్లు అలాగే ఊరతాయి.

కాలర్: అమ్మో!

డాక్టర్: సరిగ్గా కలిపితే ఉల్టా జరుగుద్ది. పేగు కణం పొర మీద ఒక చిన్న వాకిలి ఉంటది, సోడియం రెండు, గ్లూకోజ్ ఒకటి జతగా వస్తేనే లోపలికి పంపుద్ది, అవి పోతే వాటెనకే నీళ్లూ పోతాయి. అందుకే ఉత్త నీళ్లు చాలవు. కలరా వచ్చినా ఆ వాకిలి పనిచేస్తానే ఉంటది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్లో బన్‌గావ్ శరణార్థుల దగ్గర సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు గ్లూకోజ్ నీళ్లే తాగించి ఎంతోమందిని బతికించారు.

కాలర్: మరి కొబ్బరినీళ్లండి? మాకు బోలెడు...

డాక్టర్: అందులో సోడియం తక్కువమ్మా, ఓఆర్‌ఎస్‌కి బదులు పనికిరాదు. ప్యాకెట్ మీద లీటరుకా, 200 మిల్లీలీటర్లకా అని రాసుంటది, అది చూసి కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి, 24 గంటలు దాటితే పారబోసేయండి. విరేచనం అయినప్పుడల్లా అర గ్లాసు నుంచి గ్లాసు దాకా, చెంచాతో నిదానంగా పట్టండి, వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మొదలెట్టండి. చిక్కటిది ఎన్ని గ్లాసులు తాగాడు?

కాలర్: రెండండి. మత్తుగా పడుకునే ఉన్నాడు...

డాక్టర్: మత్తుగానా? అయితే ఇంకేం ఆలోచించకండి, ఫోన్ పెట్టేసి ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఖాళీ ప్యాకెట్ కూడా పట్టుకెళ్లి ఎలా కలిపారో డాక్టర్‌కి చెప్పండి, ఒంట్లో ఉప్పు ఎక్కువైందేమో చూస్తారు.

కాలర్: ఇప్పుడే బయల్దేరతామండి.