పాట రాసిపెట్టుకున్నవాళ్ళు (త్యాగరాజ ఆరాధన సభలో మాట్లాడింది)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, పొద్దున్నే పంచరత్నాలు, అదే త్యాగయ్యగారి అయిదు పెద్ద కీర్తనలు, పాడిన పిల్లలకి, వంటల దగ్గరున్నవాళ్ళకి కూడా. త్యాగరాజస్వామి జీవితం గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. 1767లో తిరువారూరులో పుట్టారు, తిరువయ్యారులో పెరిగారు, శొంఠి వెంకటరమణయ్య గారి దగ్గర నేర్చుకున్నారు, ఉంఛవృత్తితో, అంటే వీధుల్లో పాడుకుంటూ ఇంటింటా పెట్టిన బియ్యంతో, బతికారు, 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. ఇదంతా మీరు ఏటా వింటున్నదే. నేను చెప్పాలనుకుంది ఆ తర్వాత సంగతి.

ఆయనకి కొడుకుల్లేరు. ఒక్కతే కూతురు సీతాలక్ష్మి, ఆవిడ కొడుకుతో ఆ వంశం ఆగిపోయింది. మరి ఈ పాటలు మనదాకా ఎలా వచ్చాయండీ? శిష్యుల వల్ల. వాళ్ళలో వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ అని ఒకాయన, 1781లో పుట్టారు, సౌరాష్ట్రులు, పట్టు నేసే వాళ్ళు, ఇంట్లో మాట్లాడేది సౌరాష్ట్ర భాష. అయ్యంపేట నుంచి తిరువయ్యారు వెళ్ళి ఏళ్ళతరబడి గురువుగారి పాట వింటూ నేర్చుకుంటూ రాసిపెట్టుకున్నారు, కొడుకు కృష్ణస్వామి భాగవతార్ కూడా అదే దారి. ఆ రాతలే తర్వాత మదురై సౌరాష్ట్ర సభకి చేరాయి. ఇవ్వాళ మనకి 700 దాకా కీర్తనలు దొరుకుతున్నాయంటే ఇలాంటి శిష్యుల పుణ్యమే. ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్ళు తెలుగు పాట దాచారండీ, మనం ఏం చేశాం?

నేనేం చేశానో చెప్తాను. మా మామ్మకి ఒక రూళ్ళ పుస్తకం ఉండేది, అట్ట ఊడిపోతే పాత చీర అంచుతో కుట్టుకుంది, పెన్సిల్‌తో రాసిన పాటలు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ చిన్న ఇంటూ గుర్తు. నీలాంబరి రాగంలో త్యాగయ్యగారి 'ఉయ్యాలలూగవయ్యా' పాడితే మా తమ్ముడు ఉయ్యాల్లో నిద్రపోయేవాడు. ఆవిడ వరస వేరు, కచేరీల్లో పాడేది వేరు, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుందట. ఆవిడ పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత పేపర్లతో పాటు ఆ పుస్తకం కూడా నేనే తూకానికి వేసేశా. ఎవరో కాదు, నేనే. సాయంత్రం గుర్తొచ్చి పాత కాయితాల కొట్టుకి పరిగెత్తా, అప్పటికే లోడు వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ వరసలో పల్లవి ఒక్కటే నాకొచ్చు, చరణం దగ్గరకొచ్చేసరికి ఆవిడ గొంతు వినిపిస్తుంది గానీ వరస దొరకదు.

పంచరత్నాలకి వచ్చిన భయం లేదు, వేలమంది పాడతారు. నా బెంగంతా ఉత్సవ సంప్రదాయ కీర్తనల గురించి, లాలి పాటలు, హారతి పాటలు, మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు దీపం దగ్గర పాడుకునేవి. ఒక్కో ఇంటిది ఒక్కో వరస, అవి ఏ పుస్తకంలోనూ లేవు. అందరి చేతిలో ఫోనుంది కదా, మామ్మ పాడితే ఒక్కసారి ఆ బటన్ నొక్కడానికి ఏం కష్టం చెప్పండి?

ఇంకా తంజావూరు శరభోజి మహారాజు త్యాగయ్యగారిని ఆస్థానానికి పిలవడం, ఈయన వెళ్ళకపోవడం, అదంతా చెప్దామని రాసుకొచ్చా. వద్దులెండి.

మూడో వరసలో చివర కూర్చున్న అమ్మగారూ, మీరేనండీ, ఆకుపచ్చ చీర. పొద్దున పూలు కడుతూ లాలి పాటేదో పాడుకున్నారు, నేను వెనకే ఉన్నా, అందులో ఒక మెలిక నేనెక్కడా వినలేదు. బాబూ, ఈ మైకు ఆవిడకివ్వు. ఎవరి ఫోన్లో ఛార్జింగ్ ఉందో వాళ్ళు రికార్డింగ్ పెట్టండి.