పద్దెనిమిదిన్నర కవులు

నమస్కారమండీ. 15వ శతాబ్దంలో కేరళలోని కోళిక్కోడ్‌ని ఏలిన సామూతిరి, అదే మనం పుస్తకాల్లో జామొరిన్ అని చదువుకున్న రాజు, మానవిక్రముడి కొలువులో ఎంతమంది కవులుండేవారో తెలుసా? పద్దెనిమిదిన్నర మంది! ఆ అర ఏమిటంటారా? పద్దెనిమిది మందీ సంస్కృతంలో రాసేవాళ్లు, పూనం నంబూదిరి ఒక్కడే మలయాళంలో రాశాడు, అందుకని అరకవి అయ్యాడని చెప్పుకుంటారు. సొంత దేశంలో, సొంత రాజు ముందు, సొంత భాషకి సగం పీట!

అదే కొలువులో తమిళ దేశం నుంచి వచ్చిన ఉద్దండ శాస్త్రి ఉండేవాడు. పేరుకి తగ్గట్టే ఉద్దండుడు, మలయాళంలో రాసే కవులంటే చిన్నచూపు. అలాంటివాడు ఒకరోజు పూనం పద్యం విని, చివర పడ్డ 'హంత' (అయ్యో) అనే మాటకి కరిగిపోయి, ఆ హంతకి ఈ పట్టు అంటూ ఒంటిమీది పట్టుబట్ట తీసి ఇచ్చాడట.

ఉత్తర కేరళలోని కోలత్తునాడు రాజ్యంలో కథ ఇంకా తమాషాగా ఉంటుంది. రాజు ఉదయవర్మ చదరంగంలో ఓడిపోయేలా ఉంటే, పక్కన బిడ్డని ఊపుతున్న రాణి జోలపాటలోనే "ఉందు, ఉందు" అని, అంటే బంటుని జరపమని, అందించిందట. గెలిచిన రాజు ఆ జోలపాట బాణీలోనే కృష్ణుడి కథ రాయమని కవి చెరుశ్శేరిని అడిగితే కృష్ణగాథ వచ్చిందంటారు. కథలో నిజమెంతో గానీ, కృష్ణగాథ మలయాళం మాత్రం ఇంట్లో ఆడవాళ్లు పాడుకునేంత తేలిక.

అలాగని ఘనతంతా రాజులకే కట్టబెట్టకండి. మలయాళానికి తండ్రి అని చెప్పుకునే ఎళుత్తచ్చన్ ఏ రాజు నీడలోనూ పెరిగినవాడు కాదు. కుంచన్ నంబియార్ అంబలప్పుళ రాజు దగ్గర ఉన్నాడు, ఆ రాజ్యాన్ని తిరువితాంకూరు (ట్రావన్‌కోర్) రాజు మార్తాండవర్మ కలిపేసుకున్నాక తిరువనంతపురం చేరాడు, కానీ ఆడుతూ పాడే ఆయన తుళ్లల్ పాటల భాష మాత్రం గుడి ముందు గుమిగూడిన జనానిది, అందులో కొలువు ఉద్యోగులకి కూడా చురకలుంటాయి. తిండి రాజుది, మాట జనానిది.

ఇంకో సంగతి, రాజు పోషణ అంటే రాజు మూడ్ కూడా. తిరువితాంకూరులో ఆయిల్యం తిరునాళ్ పాలనలో బడి పుస్తకాల కమిటీకి పెద్ద కేరళవర్మ వలియ కోయిత్తంపురాన్. పిల్లలకి మలయాళ వచనంలో పాఠాలు సిద్ధం చేసిన మనిషి. కావ్యాలు పండితులకే అందుతాయి, వాచకం ఊరూరికీ వెళుతుంది, అందుకే నాకు పట్టుబట్టల కన్నా ఈ కమిటీయే పెద్ద పోషణ అనిపిస్తుంది. అదే రాజుకి కోపం వచ్చి 1875లో ఆయన్ని నిర్బంధంలో పెట్టాడు! హరిప్పాడులో గడిపిన ఆ ఒంటరి రోజుల తలపులోంచే తర్వాత మయూరసందేశం అనే కావ్యం పుట్టింది, అదీ సంస్కృతంలో కాదు, మలయాళంలో.

కొడుంగల్లూరు కోవిలకంలో, అంటే రాజభవనంలో అయితే రాజవంశీకుడే కలం పట్టాడు. కుంజిక్కుట్టన్ తంపురాన్ మహాభారతం మొత్తాన్ని, ఏ శ్లోకాన్ని ఆ వృత్తంలోనే, మలయాళంలోకి దించేశాడు, 874 రోజుల్లో.